లీజులోంచి బయటపడే దారి: ఇంగ్లండ్ కమర్షియల్ ప్రాపర్టీ సొలిసిటర్ల పనితనం

1992లో లండన్‌లో ఓ కంపెనీ పదేళ్ల లీజుకు ఆఫీసు తీసుకుంది. లీజు మొదలైన రోజు జనవరి 13. మూడేళ్లు నిండిన రోజున ఖాళీ చేసి వెళ్లిపోవచ్చని, అందుకు ఆరు నెలలకు తగ్గకుండా ముందే నోటీసు ఇవ్వాలని అందులో ఓ షరతు ఉంది. కంపెనీ గడువులోపే నోటీసు పంపింది. అయితే 1995 జనవరి 13 అని ఉండాల్సిన చోట జనవరి 12 అని పడింది. అప్పటికి లండన్‌లో ఆఫీసు అద్దెలు బాగా పడిపోయి ఉన్నాయి. పాత రేటు కట్టే అద్దెదారును యజమాని ఎందుకు వదులుకుంటాడు? తేదీ తప్పు కాబట్టి నోటీసు చెల్లదన్నాడు. అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. చివరకు 1997లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు చీలి, అద్దెదారును గట్టెక్కించారు. ఆ కాగితం చదివిన యజమానికి అసలు ఉద్దేశం 13వ తేదీ అని తెలిసిపోతుంది కదా అన్నది వాళ్ల తర్కం. మనాయ్ వర్సెస్ ఈగిల్ స్టార్ అనే ఈ తీర్పులోనే లార్డ్ హాఫ్‌మన్ ఇంకో మాట కూడా చెప్పాడు. నోటీసు నీలం కాగితం మీద ఇవ్వాలని లీజులో రాసుంటే, గులాబీ కాగితం మీద ఇచ్చింది పనికిరాదు. అంటే పొరపాటున పడిన అంకెకు క్షమాపణ దొరకొచ్చు గానీ, పాటించని షరతుకు దొరకదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కమర్షియల్ ప్రాపర్టీ సొలిసిటర్ అనే వృత్తిని అర్థం చేసుకోవాలంటే ఈ కేసు దగ్గర మొదలుపెట్టడమే మేలు. షాపులు, ఆఫీసులు, గోదాములు, హోటళ్లు, ఫ్యాక్టరీ షెడ్లు కొనడం, అమ్మడం, లీజుకివ్వడం, తాకట్టు పెట్టడం, ఈ వ్యవహారాలన్నింటికీ కాగితం తయారుచేసేది వీళ్లే. కోర్టులో నిలబడి వాదించే పని ఎక్కువగా బారిస్టర్లది. సొలిసిటర్ బల్ల దగ్గరే ఉంటాడు. బయటి నుంచి చూస్తే అదంతా ఫారాలు నింపే పనిలా, పాత నమూనా తీసి పేర్లు మార్చే పనిలా అనిపిస్తుంది. నిజానికి ఆ కాగితాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివేది ఎవరు? సంతకాల రోజున చేతులు కలిపి నవ్వుకున్న ఇద్దరూ కాదు. ఏడేళ్ల తర్వాతో పదేళ్ల తర్వాతో, మార్కెట్ తలకిందులయ్యాక, అవతలి పక్షం పెట్టుకున్న లాయర్. ఆ చదువరిని ఇవాళే ఊహించుకుని రాయగలగడమే ఈ వృత్తిలో అసలైన విద్య. అద్దె ఎంతో, లీజు ఎన్నేళ్లో ఇద్దరు వ్యాపారులు కూర్చుని తేల్చుకోగలరు. ఎలా బయటపడాలో తేల్చడానికే సొలిసిటర్ కావాలి.

అక్కడి లీజు ఎంత బరువైనదో తెలియకపోతే ఈ మాట అతిగా అనిపించవచ్చు. ఇంగ్లండ్‌లో షాపుకో ఆఫీసుకో ఇచ్చే లీజు మామూలుగా మరమ్మతుల భారమంతా అద్దెదారు మీద పెట్టే రకం. కప్పు కారినా, గోడ బీటలువారినా ఖర్చు అతనిదే. భవనానికి ఇన్సూరెన్స్ యజమాని చేయించినా ప్రీమియం అతని దగ్గరే వసూలు చేస్తాడు. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. 'మంచి స్థితిలో ఉంచాలి' అని లీజులో ఉంటే, భవనం తీసుకునే నాటికి మంచి స్థితిలో లేకపోయినా ముందు దాన్ని బాగుచేసి ఆ స్థితికి తేవాల్సిన బాధ్యత కూడా అందులో ఇమిడి ఉన్నట్టే కోర్టులు చదువుతాయి. అందుకే అద్దెదారు తరఫు సొలిసిటర్ మొదట అడిగేది ఫొటోలతో కూడిన స్థితి నివేదిక. దాన్ని లీజుకు జతచేయించి, అంతకంటే మెరుగ్గా అప్పగించనక్కర్లేదని ఒక వాక్యం పెట్టిస్తాడు. ఆ ఒక్క వాక్యం లీజు చివర్లో వేల పౌండ్లు మిగులుస్తుంది.

అద్దె కట్టే రోజులు కూడా మధ్యయుగం నాటివే. మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25. మూడు నెలల అద్దె ముందుగానే కట్టాలి. మార్క్స్ అండ్ స్పెన్సర్ వంటి పెద్ద కంపెనీకి ఈ క్యాలెండరే తలనొప్పి తెచ్చింది. లండన్ ప్యాడింగ్టన్ బేసిన్‌లోని ఆఫీసు లీజును 2012 జనవరి 24తో ముగించుకునే హక్కు ఆ కంపెనీకి ఉంది. ఆ రోజుకు అద్దె బకాయి ఉండకూడదు, పైగా 9,19,800 పౌండ్లు, దాని మీద వ్యాట్ కట్టాలి. ఈ షరతులు తప్పకూడదని డిసెంబరు 25న మార్చి దాకా పూర్తి అద్దె కట్టేసింది. అన్నీ సక్రమంగా జరిగి లీజు ముగిసింది. జనవరి 24 తర్వాత తాను వాడుకోని రెండు నెలల అద్దె తిరిగి ఇవ్వమంది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇవ్వనక్కర్లేదని తేల్చింది. ముందుగా కట్టే అద్దెను రోజుల లెక్కన పంచి వెనక్కి ఇవ్వాలని చట్టం చెప్పదు, లీజులోనూ అలా రాసుకోలేదు, అనుభవజ్ఞులైన లాయర్లు అంత వివరంగా రాసిన ఒప్పందంలో లేని మాటను కోర్టు చేర్చదు. 'వాడుకోని కాలానికి కట్టిన అద్దె యజమాని తిరిగి ఇవ్వాలి' అన్న ఒక్క పంక్తి ఉండి ఉంటే ఈ కేసే లేదు. ఆ తీర్పు తర్వాత ఆ పంక్తి పెట్టకుండా అద్దెదారు వైపు లీజు రాస్తే దాన్ని నిర్లక్ష్యమనే అనాలి.

బయటపడే షరతుల్లో మరో గండం ఖాళీ స్వాధీనం. భవనాన్ని ఖాళీగా అప్పగించాలని ఉంటుంది. ఖాళీ అంటే ఎంత ఖాళీ? 2016లో తీర్పు వచ్చిన రివర్‌సైడ్ పార్క్ కేసులో అద్దెదారు గదుల మధ్య తాను పెట్టుకున్న విభజన గోడలను అక్కడే వదిలి వెళ్లాడు. అవి భవనంలో భాగం కాదు, తీసేయగల సామాన్లేనని, కాబట్టి స్వాధీనం పూర్తిగా ఇవ్వలేదని కోర్టు అంది. లీజు ముగియలేదు. దీనికి అచ్చంగా ఎదురు కేసు లీడ్స్ దగ్గరి కాపిటల్ పార్క్‌ది. అక్కడ అద్దెదారు గ్లోబల్ రేడియో కంపెనీ ఎక్కువే తీసేసింది. సీలింగ్ పలకలు, లైట్లు, రేడియేటర్లు అన్నీ ఊడదీసి, ఒట్టి గుల్లగా మిగిల్చి వెళ్లింది. ఇది ఇచ్చిన భవనమే కాదని యజమాని గగ్గోలు పెట్టాడు. కింది కోర్టు ఒప్పుకుంది. 2021లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఖాళీ స్వాధీనం అంటే మనుషులు, సామాన్లు, ఇతరుల హక్కులు లేకుండా ఇవ్వడం. భవనం ఏ స్థితిలో ఉందన్నది వేరే తగవు, దానికి నష్టపరిహారం వేరుగా అడుక్కోవచ్చు. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివిన సొలిసిటర్ అద్దెదారుకు రెండు సలహాలిస్తాడు. లీజు రాసేటప్పుడు 'ఖాళీ స్వాధీనం' అన్న మాటే రానివ్వొద్దు, 'ఆక్రమణ వదులుకుంటే చాలు' అన్నంత తేలిక షరతు అడగండి. అది కుదరకపోతే, వెళ్లే నెలల ముందే ఏది తీయాలో ఏది ఉంచాలో యజమానితో రాతపూర్వకంగా తేల్చుకోండి.

బయటికి దారే లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీని మించిన ఉదాహరణ దొరకదు. యూరోపియన్ యూనియన్‌కు చెందిన ఈ సంస్థ లండన్ కెనరీ వార్ఫ్‌లో 2039 దాకా సాగే 25 ఏళ్ల లీజు తీసుకుంది. మధ్యలో వదిలే హక్కు అందులో లేదు. 2016లో బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసింది. సంస్థ ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలాల్సి వచ్చింది. ఊహించని పరిణామం వల్ల ఒప్పందమే అర్థం లేనిదైపోయిందని వాదించింది. 2019 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. లీజును వేరేవాళ్లకు బదిలీ చేయడానికో, సబ్‌లీజుకివ్వడానికో అందులో వీలుంది కాబట్టి ఆ దారి చూసుకోవాలంది. సంస్థ చివరకు సబ్‌లీజుకే ఇచ్చుకుంది. బ్రెగ్జిట్‌ను ముందే ఊహించమని ఎవరూ ఏ లాయర్‌నూ అడగరు. ఏం జరుగుతుందో తెలియకపోయినా, ఏదో జరిగితే ఏ తలుపు తెరుచుకోవాలో ముందే అడగడం మాత్రం సాధ్యమే. బదిలీ, సబ్‌లీజు షరతులు ఎంత వదులుగా ఉన్నాయన్నది 25 ఏళ్ల లీజులో అద్దె కంటే పెద్ద ప్రశ్న.

యజమాని వైపు పనిచేసే సొలిసిటర్‌కూ ఇలాంటి ఉచ్చులే, కాకపోతే దిశ వేరు. 1954 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం వ్యాపారం చేసుకునే అద్దెదారుకు గడువు తీరినా కదలకుండా ఉండే హక్కు, కొత్త లీజు అడిగే హక్కు ఉన్నాయి. యజమాని కాదనాలంటే చట్టంలో ఇచ్చిన ఏడు కారణాల్లో ఒకటి నిరూపించాలి. కూలగొట్టి కట్టుకుంటాను, నేనే వాడుకుంటాను వంటివి అవి. లండన్ జెర్మిన్ స్ట్రీట్‌లో పాతకాలపు నేత వస్త్రాలు అమ్మే ఓ షాపును ఖాళీ చేయించాలని పైనున్న హోటల్ యజమాని కంపెనీ ఒక నిర్మాణ పథకం రాయించింది. ఆ పనుల వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అద్దెదారు తనంతట తాను వెళ్లిపోతే ఆ పనులు చేయబోమని కూడా ఒప్పుకుంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు అద్దెదారు పక్షాన నిలిచింది. అద్దెదారు వెళ్లినా వెళ్లకపోయినా చేసి తీరే పని అయితేనే అది చట్టం కోరిన ఉద్దేశం అంది. ఆ తీర్పు న్యాయమైనదే. చట్టం అక్షరాన్ని వాడుకుని దాని ఆత్మను దాటేయాలని చూసే ఎత్తుగడకు అది సరైన జవాబు. ఆ ఎత్తుగడను నడిపించేదీ, పసిగట్టేదీ ఇదే వృత్తిలోని వాళ్లేనని మరిచిపోకూడదు.

ఈ చట్టరక్షణను లీజు మొదట్లోనే వదులుకునే వీలుంది. 2004 జూన్ నుంచి దానికొక పద్ధతి నడుస్తోంది. ఏం కోల్పోతున్నారో చెప్పే హెచ్చరిక నోటీసు యజమాని అద్దెదారుకు ఇవ్వాలి. 14 రోజుల వ్యవధి ఉంటే మామూలు ప్రకటన మీద సంతకం చాలు. అంత వ్యవధి లేకపోతే సంబంధం లేని మరో సొలిసిటర్ ఎదుట ప్రమాణపూర్వకంగా చెప్పాలి. లండన్ ఈస్ట్‌హామ్‌లోనో రెడింగ్‌లోనో బిర్యానీ సెంటరో కిరాణా కొట్టో పెట్టాలనుకునే తెలుగువాళ్లకు ఈ వృత్తితో మొదటి పరిచయం చాలాసార్లు ఇక్కడే అవుతుంది. తాళాలు త్వరగా కావాలి, దసరాకల్లా తెరవాలి అన్న హడావుడిలో ఆ ప్రకటన మీద సంతకం పెట్టేస్తారు. వంటగదికి, ఫర్నిచర్‌కి, పొగగొట్టానికి దాచుకున్నదంతా పోస్తారు. ఐదేళ్లకు పేరొచ్చాక లీజు ముగుస్తుంది. కొత్త లీజు ఇవ్వాలా వద్దా, ఎంతకివ్వాలి అన్నది పూర్తిగా యజమాని దయ. సొంతంగా కట్టుకున్న పేరు, గుడ్‌విల్ అంతా ఇంకొకరి గోడల మధ్య ఉండిపోతుంది.

రెస్టారెంట్ విషయంలో పొరపాటుకు ఇంకో చోటు ఉంది. 2020 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో షాపు, ఆఫీసు, కూర్చుని తినే రెస్టారెంట్ ఒకే ప్లానింగ్ తరగతి కిందికి వచ్చాయి, ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చడానికి మళ్లీ అనుమతి అక్కర్లేదు. వేడి భోజనం పార్సిల్ కట్టిచ్చే టేక్‌అవే మాత్రం ఆ తరగతిలో లేదు. ప్లానింగ్ ఒప్పుకున్నా లీజు ఒప్పుకోవాలన్న గ్యారంటీ లేదు. లీజులో 'చిల్లర అమ్మకాలు' అని మాత్రమే ఉంటే పొయ్యి వెలిగించిన రోజే ఉల్లంఘన. పొగ బయటికి పోయే గొట్టం వెనక గోడ మీదుగా పైకి పోవాలంటే ఆ గోడ తన లీజులో ఉందో లేదో చూడాలి. కంపెనీ పేరున లీజు తీసుకున్నా డైరెక్టర్‌గా వ్యక్తిగత హామీ అడుగుతారు. వ్యాపారం అమ్మేసి వెళ్లినా, తన నుంచి లీజు తీసుకున్నవాడు అద్దె ఎగ్గొడితే తానే కట్టాలన్న గ్యారంటీ కూడా లీజు బదిలీ సమయంలో అడుగుతారు. 1996 జనవరి నుంచి మొదలైన లీజులకు ఈ బాధ్యత ఒక్క బదిలీ వరకే. అంతకుముందు లీజులైతే మొట్టమొదటి అద్దెదారు గడువు చివరిదాకా బాధ్యుడే, మధ్యలో ఎంతమంది చేతులు మారినా సరే. ఇవన్నీ సంతకానికి ముందు అడిగితే కొన్ని వందల పౌండ్ల ఫీజుతో, కాస్త బేరంతో తేలే విషయాలు.

కొనుగోళ్ల సంగతికి వస్తే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రాపర్టీ పని చేసిన అడ్వొకేట్‌కు అక్కడ మొదట కొరుకుడు పడనిది టైటిల్ పరిశీలనే. ఇక్కడ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజునే తప్ప హక్కును కాదు. అందుకే లింకు డాక్యుమెంట్లు పేర్చుకుని, ఈసీ తీయించి, వారసుల సంతకాలు, పహాణీలు, పాత కేసులు వెతకాలి. ఇంగ్లండ్‌లో రిజిస్టర్ అయిన ఆస్తికి ల్యాండ్ రిజిస్ట్రీ రికార్డే హక్కు. అందులో తప్పు దొర్లి నష్టపోతే ప్రభుత్వ నిధి నుంచి పరిహారం ఉంటుంది. 1990 డిసెంబరు నుంచి దేశమంతటా ఏ ఆస్తి అమ్మినా రిజిస్టర్ చేయించడం తప్పనిసరి అయింది. మరి పని తగ్గిందా అంటే లేదు, పక్కకు జరిగింది. భవనంలో లోపాలను అమ్మేవాడు తనంతట తాను చెప్పాల్సిన అవసరం అక్కడి చట్టంలో లేదు. కాబట్టి కొనేవాడి సొలిసిటర్ అడగాలి. అందుకు దేశమంతా వాడే ప్రామాణిక ప్రశ్నావళి ఉంది. ఆస్బెస్టాస్, అగ్నిప్రమాద నివారణ, పొరుగువాళ్లతో తగాదాలు, వ్యాట్, ఉద్యోగులు, ఇప్పటికే ఉన్న అద్దెదారులు, ఒకటేమిటి. అమ్మేవాడి జవాబు తప్పని తేలితే అదే దావాకు ఆధారం. పైగా స్థానిక కౌన్సిల్, మురుగునీటి కాలువలు, నేల కాలుష్యం, బొగ్గు గనుల ప్రాంతమైతే గనుల సెర్చ్‌లు, అంటే ఆయా రికార్డుల తనిఖీలు. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో గ్రామంలో పొలం ఉన్న దంపతుల మీద ఊరి చర్చిలో పూజావేదిక ఉండే భాగం మరమ్మతు ఖర్చు పడింది. వందల ఏళ్ల నాటి బాధ్యత ఆ భూమిని అంటుకుని ఉందని 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రతి సొలిసిటరూ చర్చి సెర్చ్ కూడా చేయించడం అలవాటైంది.

పన్ను లెక్కలో తడబడితే నష్టం అక్కడికక్కడే తెలుస్తుంది. ఉదాహరణకు 10 లక్షల పౌండ్లకు ఒక షాపు భవనం కొంటున్నారనుకుందాం. అమ్మేవాడు ఆ భవనం మీద వ్యాట్ వసూలు చేయాలని గతంలో ఎంచుకుని ఉంటే 20 శాతం కలిసి 12 లక్షలవుతుంది. స్టాంపు డ్యూటీ కట్టేది వ్యాట్‌తో కలిపిన మొత్తం మీద. మొదటి లక్షన్నరకు ఏమీ లేదు, తర్వాతి లక్షకు 2 శాతం, మిగతాదానికి 5 శాతం. 10 లక్షల మీద అయితే 39,500. 12 లక్షల మీద 49,500. వ్యాట్ చాలా వ్యాపారాలకు తర్వాత తిరిగి వస్తుంది, ఆ అదనపు పదివేలు మాత్రం రాదు. భవనంలో అద్దెదారులు ఉండి, నడుస్తున్న అద్దె వ్యాపారాన్నే కొంటున్నట్టు చూపగలిగితే వ్యాట్ పడదు. దానికి కొనేవాడు కూడా సరైన సమయంలోపు వ్యాట్ ఎంపిక చేసి పన్ను శాఖకు తెలియజేయాలి. ఒక్క ఉత్తరం ఒక్క రోజు ఆలస్యమైతే పదివేలు ఆవిరి. ఇలాంటి చోటే క్లయింట్‌కు తన సొలిసిటర్ విలువ అంకెల్లో కనిపిస్తుంది.

ఒప్పందాల మార్పిడి అక్కడ ఇప్పటికీ ఫోన్‌లో జరుగుతుంది. భూమి ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలని 1989 చట్టం చెబుతుంది. ఇద్దరు సొలిసిటర్ల దగ్గరా తమ తమ క్లయింట్లు సంతకం చేసిన ప్రతులుంటాయి. సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ రూపొందించిన సూత్రం ప్రకారం ఫోన్‌లో 'మార్చుకున్నాం' అనుకుని, సమయం రాసుకున్న క్షణం నుంచి కోట్ల వ్యవహారం కట్టుబడిపోతుంది. ఆ మాట మీద వ్యవస్థ నడుస్తోందంటే అండర్‌టేకింగ్ అనే హామీ వల్లే. అమ్మేవాడి బ్యాంకు తనఖా తీర్చేస్తానని అతని సొలిసిటర్ రాసిస్తే, కొనేవాడి సొలిసిటర్ ఆ మాట నమ్మి డబ్బు పంపేస్తాడు. క్లయింట్ చేతులెత్తేసినా హామీ ఇచ్చినవాళ్లే నిలబెట్టుకోవాలి. తప్పితే కోర్టు, సొలిసిటర్లను నియంత్రించే అథారిటీ రెండూ ఊరుకోవు. అందుకే ఈ వృత్తిలో కొత్తవాళ్లకు మొదటి రోజుల్లోనే నూరిపోసే పాఠం: సీనియర్ చూడకుండా హామీ ఇవ్వొద్దు. కంపెనీగా నడిచే లా సంస్థలు కనీసం 30 లక్షల పౌండ్ల వృత్తి బీమా ఉంచుకోవాల్సి రావడం ఈ బాధ్యత ఎంతటిదో చెబుతుంది.

ఇక వృత్తిలోకి దారి. 2021 సెప్టెంబరు నుంచి సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్, అందరూ పిలిచే ఎస్‌క్యూఈ వచ్చింది. మొదటి భాగంలో రెండు పేపర్లు, ఒక్కోదానికి 180 చొప్పున 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు. రెండో భాగంలో క్లయింట్‌తో మాట్లాడటం, వాదించడం, ముసాయిదా రాయడం వంటి 16 పరీక్షలు. మొదటి భాగంలో రాసినవాళ్లలో సుమారు సగం మందే గట్టెక్కుతున్నారు. దీంతోపాటు రెండేళ్ల పని అనుభవం కావాలి. అది నాలుగు సంస్థల్లో కలిపి అయినా సరే. భారతీయ అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అయినవాళ్లకు ఈ రెండేళ్ల నిబంధన వర్తించదు. తగిన వృత్తి అనుభవం చూపితే రెండో భాగం నుంచి మినహాయింపుకు దరఖాస్తు కూడా చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల లా కాలేజీల నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది పాత పద్ధతికంటే తెరిచిన తలుపే. అయితే పరీక్ష పాసవడానికి, లీజు రాయడానికి మధ్య ఉన్న దూరాన్ని ఏ మినహాయింపూ తగ్గించదు. ఇక్కడి అనుభవం వృథా పోదు. అనుమానంతో కాగితం చదవడం హైదరాబాద్ నేర్పినంతగా ఎవరూ నేర్పలేరు. కానీ ఆ అనుమానాన్ని గతం వైపు నుంచి భవిష్యత్తు వైపు తిప్పుకోవాలి. ఇక్కడ 'ఈ భూమి ఎవరిది?' అన్నది పెద్ద ప్రశ్న. అక్కడ 'ఈ వాక్యాన్ని ఎవరు ఎలా వాడుకుంటారు?' అన్నది.

పెద్ద సంస్థల్లో శిక్షణ రెండేళ్లు సాగుతుంది, ఆరు నెలలకో విభాగం చొప్పున మారుతూ. ప్రాపర్టీ విభాగంలో శిక్షణలో ఉన్నవాళ్లకు మిగతా విభాగాల కంటే త్వరగా సొంత ఫైళ్లు చేతికొస్తాయి. చిన్న షాపు లీజు, గోడ మార్చుకోవడానికి అనుమతి పత్రం, టైటిల్ రిపోర్టు. ఒప్పందం పూర్తయిన 14 రోజుల్లో స్టాంపు డ్యూటీ రిటర్న్, మధ్యలో ఇంకొకరి హక్కు ముందుకు రాకుండా రిజిస్ట్రీ సెర్చ్ ఇచ్చే 30 పనిదినాల రక్షణలోపు నమోదు దరఖాస్తు, ఇవన్నీ డైరీలో పెట్టుకోవడం వాళ్ల పనే. అది గుమస్తా పని అనుకుంటే పొరపాటు. 2018లో తీర్పు వచ్చిన సాక్‌విల్ కేసులో లీజు బదిలీ చేయించుకున్న కంపెనీ పేరు ఇంకా రిజిస్ట్రీలో ఎక్కలేదు. ఆలోపు అది ఇచ్చిన బ్రేక్ నోటీసు, అంటే లీజును మధ్యలోనే ముగిస్తామనే నోటీసు, చెల్లలేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఇంకా అద్దెదారు పాత కంపెనీయే.

అనుభవం పెరిగేకొద్దీ పని స్వభావం మారుతుంది. మొదటి మూడు నాలుగేళ్లు ఏ షరతు ఎందుకు ఉందో నేర్చుకోవడం. తర్వాత ఏ షరతు మీద పట్టుబట్టాలో, ఏది వదిలేయాలో తెలుసుకోవడం. ముసాయిదాలో ఎర్ర సిరాతో ఎన్ని మార్పులు చేశారన్నది ప్రతిభకు కొలత కాదు. ప్రతి పంక్తినీ దిద్ది వెనక్కి పంపే సొలిసిటర్ వల్ల మూడు వారాలు ఆలస్యమై, ఆ మధ్య షాపు ఇంకొకరికి పోతే క్లయింట్‌కు ఒరిగేదేముంది? సంస్థల్లో ఆరు నిమిషాలకో యూనిట్ చొప్పున సమయం లెక్కగట్టి బిల్లు వేసే పద్ధతి ఈ అనవసరపు దిద్దుబాట్లను కాస్త ప్రోత్సహిస్తుందన్నది దాచిపెట్టాల్సిన విషయం కాదు. మంచి సొలిసిటర్ వ్యవహారం మొదట్లోనే, సర్వేయర్లు రాసుకునే ఒకటి రెండు పేజీల షరతుల సారాంశం దగ్గరే జోక్యం చేసుకుంటాడు. బ్రేక్ హక్కు, వాడకం, చట్టరక్షణ, మరమ్మతుల పరిమితి అక్కడే తేలితే ముసాయిదా యుద్ధం సగం తగ్గుతుంది.

నిజమైన పరీక్ష ఫోన్ మోగినప్పుడు వస్తుంది. అద్దెదారు అనుమతి లేకుండా సబ్‌లీజుకిచ్చాడు, లీజు రద్దు చేయాలి అని యజమాని ఫోన్ చేస్తాడు. అనుభవం లేనివాళ్లు లీజు తెరిచి క్లాజులు వెతుకుతారు. అనుభవజ్ఞులు మొదట చెప్పేది ఒక్కటే: ఈ క్షణం నుంచి అద్దె అడగొద్దు, పంపినా తీసుకోవద్దు, ఆఫీసులో కంప్యూటర్ దానంతటదే పంపే డిమాండ్ కూడా ఆపండి. ఉల్లంఘన జరిగిందని తెలిసీ అద్దె అడిగితే, ఆ తప్పును ఆధారం చేసుకుని లీజు రద్దు చేసే హక్కు పోతుంది. ఆ సలహా గంట ఆలస్యమైనా చాలు, కేసు చేజారుతుంది.

చట్టం ఇప్పుడు వేగంగా కదులుతోంది. కరెంటు, ఇంధన సామర్థ్యంలో అట్టడుగువైన ఎఫ్, జీ గ్రేడు వచ్చిన వాణిజ్య భవనాలను 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా లీజుకివ్వడానికి లేదు. 2023 ఏప్రిల్ నుంచి పాత లీజులు కొనసాగించడానికీ లేదు, నమోదైన మినహాయింపులుంటే తప్ప. జరిమానా లక్షన్నర పౌండ్ల దాకా ఉంది. గ్రేడు పెంచే ఖర్చు యజమానిదా, సర్వీస్ చార్జీ పేరుతో అద్దెదారుదా అన్నది ఇప్పుడు ప్రతి లీజులోనూ బేరం.

అంతకంటే పెద్ద మార్పు అద్దె సవరణలది. ఇంగ్లండ్‌లో ఐదేళ్లకోసారి అద్దెను మార్కెట్ రేటుకు సవరించే షరతు మామూలే. అది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. మార్కెట్ సగానికి పడినా పాత అద్దె పాతదే. 2025 జూలైలో పార్లమెంటులో ప్రవేశపెట్టిన అధికార వికేంద్రీకరణ బిల్లులో, కొత్త వాణిజ్య లీజుల్లో ఈ ఏకపక్ష సవరణలను నిషేధించాలన్న ప్రతిపాదన పెట్టారు. చిన్న వ్యాపారుల వైపు నుంచి చూస్తే ఇది ఎప్పుడో రావాల్సింది. పెన్షన్ నిధులు, భవనాల మీద అప్పిచ్చే బ్యాంకులు మాత్రం తమ లెక్కలన్నీ తగ్గని అద్దె మీదే కట్టుకున్నాయి. అందుకే యజమానుల సొలిసిటర్లు మొదటి ఏడాది ఇంత, మూడో ఏడాది ఇంత అని అంకెలు ముందే రాసేసుకునే మెట్ల అద్దెలను, ఐదేళ్లు దాటని పొట్టి లీజులను ముసాయిదాల్లోకి తెస్తారు. సవరణ షరతు నిషేధం కిందికి వస్తుంది గానీ ముందే ఖాయం చేసిన అంకె రాదు. అద్దెదారు వైపు కూర్చున్న సొలిసిటర్ ఆ అంకెలు చూసినప్పుడు ప్రతి మెట్టు పక్కన ఒక బ్రేక్ తేదీ అడగాలి.